నీరటి వచ్చేదాకా

మానేరులో కలిసే ఒక వాగు మీద రెండు గొలుసుకట్టు చెరువులుండేవి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులో పడేవి. పై చెరువును నమ్ముకున్నది ఎగువూరు, కింది చెరువును నమ్ముకున్నది దిగువూరు. రెండింటికీ నీరటి ఒక్కడే. తూము ఎప్పుడెత్తాలో, ఎవరి మడికి ఎంత పారాలో, కట్ట ఏ మూలన చెమ్మ పడుతుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వానాకాలం రాత్రిళ్లు లాంతరు పట్టుకొని కట్ట మీదనే తిరిగేవాడు.

వయసు మీద పడ్డాక ఆయనకు ఒక దిగులు పట్టుకుంది. ఒకనాడు ఎగువూరి కచ్చీరు కాడ కూర్చున్నవాళ్లతో అన్నాడు:

"కట్టకు బుంగ పడితే ఏం చెయ్యాల్నో ఇంటికొకరికి నేర్పుత. రెండు పూటల పని. నేను ఎప్పటికీ కట్ట మీదనే ఉంట అనుకోకుండ్రి."

"నువ్వుండంగ మాకెందుకు తాతా?" అన్నాడొక రైతు. "నీ పని నీది, మా పని మాది."

ఇంకొకాయన లోపలి భయం బయటపెట్టాడు. "తెల్వని పనిల చెయ్యి వెడితే చిన్న బుంగ పెద్ద గండి అయితది. అప్పుడు ఊరంత మమ్ములనే అంటది. ఎందుకొచ్చిన లొల్లి?"

నీరటి దిగువూరికి పోయి అదే మాట చెప్పాడు. అక్కడా ముందు అవే జవాబులు వచ్చాయి. కానీ ఆ ఊళ్లో ఒక మంత్రసాని ఉండేది. ఆమె లేచి నిలబడి, "నొప్పులు నేను వచ్చేదాక ఆగుతయా?" అని అడిగింది. "నేను ఉరికి ఉరికి పోయేసరికే బిడ్డను చేతులల్లకు అందుకున్న అత్తలు ఎందరు లేరు ఈ ఊళ్లె? వాళ్లు మంత్రసానులా? నేర్పు తమ్మీ. ముందుగాల నేనే నేర్చుకుంట."

ఆమె ముందుకొచ్చాక మిగతావాళ్లు వెనక ఉండలేకపోయారు. కట్ట మైసమ్మ గద్దె కాడ వేపచెట్టు కింద రెండు రోజులు నేర్పాడు నీరటి. కట్ట బయటి వాలు మీద తేట నీళ్లు కారితే కట్ట చెమరుస్తున్నదని అర్థం, కనిపెట్టుకొని ఉంటే చాలన్నాడు. మన్ను కలిసి ఎర్రనీళ్లు వస్తే కట్ట లోపల్నుంచి కరుగుతున్నట్టు, ఇక ఒక్క క్షణం ఆగొద్దన్నాడు. అందరూ చేసే తప్పు ఏంటో కూడా చూపించాడు. నీళ్లు బయటికి తన్నే చోట తట్టలకొద్దీ మన్ను పోస్తారు, పోసింది పోసినట్టు కొట్టుకుపోతుంది. బుంగ నోరు లోపలి దిక్కున, నీళ్లలో ఉంటుంది. పైన చిన్న సుడి తిరుగుతుంటుంది. నడుముకు మోకు కట్టుకొని దిగి, కాళ్లతో తడిమితే గుంజుతున్న చోటు తెలుస్తుంది. అక్కడ గడ్డిమోపు కుక్కాలి, దాని మీద బంకమన్ను సంచులు పడాలి. నీళ్లలో మనిషి చేతులు తొందరగా కొంకర్లు పోతాయి, కాబట్టి అలసటకు ముందే మనిషిని మార్చాలి.

"ఇంత చేసినా మీరు బుంగను పూడ్చినట్టు కాదు," అన్నాడు చివరికి. "పూడ్చుడు నా పని. నేను వచ్చేదాక చెరువును నిలవెట్టుడు మీ పని. కని నేను వచ్చేసరికి చెరువే లేకపోతే నా పనితనం ఎవలకు?"

పుబ్బ కార్తెలో మూడు రోజులు ముసురు పట్టింది. నీరటి వాగు అవతల బిడ్డ ఇంటికి పోయి అక్కడే చిక్కుపడ్డాడు. రెండో రాత్రి ఎగువూరి కట్టకు మోచేయి లావున బుంగ పడింది. చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు తట్టలతో బయటి వాలు మీద మన్ను పోశారు. కొందరు ముట్టుకోవద్దని కేకలేశారు. ఇద్దరు మొగపిల్లలు నీరటి కోసం ఉరికారు. మిగిలినవాళ్లు కట్ట మీద వానలో నిలబడి వాగు దిక్కు చూశారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు, చెరువు మీద ప్రేమ లేనివాళ్లూ కారు. అందరి చేతులూ ఖాళీగానే ఉన్నాయి. నడిరాత్రికి కట్ట నోరు తెరిచింది.

ఆ నీళ్లన్నీ దిగువూరి చెరువు మీద పడ్డాయి. మత్తడి మీంచి నడుములోతు నీళ్లు పోతున్నాయి. ఎప్పుడో నరికేసిన తాటిమొద్దు వేర్లు కుళ్లిన చోట కట్టకు బుంగ పడింది. మేకలు కాసుకునే పిల్ల మొదట చూసింది. "అవ్వా, నీళ్లు ఎర్రగొస్తున్నయ్!" అని మంత్రసాని గుడిసె తలుపు కొట్టింది. ముసలామె ముందు చేసిన పని, ఒక మనిషిని నీరటి కోసం పంపడం. రెండో పని, పేరు పెట్టి పిలవడం. "అందరు రాండ్రి" అంటే ఎవరూ రారని ఆమెకు తెలుసు. "ఓ కాకా, నువ్వు మోకు తే. ఓ వదినె, నువ్వు గడ్డిమోపులు. మీరిద్దరు సంచులు నింపుండ్రి" అని ఒక్కొక్కరి మొహంలోకి చూసి చెప్పింది.

ఇద్దరు దిగారు. సుడి దొరికింది. మొదటి మోపును నీళ్లు గుంజుకొని మింగేశాయి, రెండోదీ అంతే. మూడో మోపు అడ్డం పడి ఆగింది. దాని మీద సంచి, సంచి మీద సంచి. మేకల పిల్ల కట్ట మీద నిలబడి వందదాకా లెక్కపెట్టి "మారుండ్రి!" అని అరిచేది. ఒకరు ఎక్కితే ఒకరు దిగేవారు. చీర కొంగు నడుముకు చెక్కి ఆడవాళ్లు కూడా దిగారు. నీళ్లు రావడం ఆగలేదు. కానీ ఎర్రనీళ్లు కాస్తా తెల్లవారేసరికి తేటపడ్డాయి. వాగు తీశాక నీరటి వచ్చి చూసి, వాళ్లు పెట్టిన మోపులను కదపకుండానే తన పని మొదలుపెట్టాడు.

కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది కానీ, ఆపితే అబద్ధమవుతుంది. ఇంకో ఐదేళ్లకు అదే దిగువూళ్లో అదే కట్టకు వేరే చోట బుంగ పడింది. నేర్చుకున్నవాళ్లంతా ఉన్నారు, చేయవలసిందంతా చేశారు. అయినా కట్ట ఆగలేదు. నీరటి వచ్చేసరికి జనం తలకాయలు వంచుకొని కూర్చున్నారు. ఆయన వాళ్ల నడుమ కూర్చొని, బురద పట్టిన చేతులు ఒక్కొక్కటీ పట్టుకొని చూశాడు. "ఇవి చెయ్యవట్టి పోలేదు చెరువు," అన్నాడు. "మల్ల కడుదం. మల్ల నేర్పుత."

నీతి

నీరటి అంటే మన డాక్టరు, మన 108 సిబ్బంది. చెరువు అంటే గుండె ఆగి కింద పడిన మనిషి. ఆ మనిషి పక్కన ఆ నిమిషంలో ఎవరుంటే వాళ్లే ఆ ఊరు.

2023 ఫిబ్రవరి చివరివారం తెలంగాణలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాత ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన నిర్మల్ జిల్లా కుభీర్ మండలంలో ఒక పెళ్లి విందు. పాట మోగుతుంటే పందొమ్మిదేళ్ల పిల్లవాడు నవ్వుతూ ఆడుతూ, ఒక్కసారి ఆగి, ముందుకు ఒరిగిపోయాడు. భైంసా ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ప్రాణం లేదు. ఆ వీడియోను లక్షలమంది ఫోన్లలో చూశారు. అందులో ఉన్న బంధువులను ఒక్క మాట అనే హక్కు మనకెవరికీ లేదు. వాళ్లకు ఎవరూ ఏదీ నేర్పలేదు. సీపీఆర్ చేసి ఉంటే, అంటే ఛాతీ మీద నొక్కుతూ రక్తాన్ని నడిపించి ఉంటే, బతికేవాడా అంటే, ఆ సంగతి దూరం నుంచి ఎవరూ చెప్పలేరు.

ఆ రోజుల్లోనే హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒకాయన రోడ్డు మీద కుప్పకూలాడు. డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ రాజశేఖర్ మోకాళ్ల మీద కూర్చొని ఆయన ఛాతీ మీద ఆపకుండా నొక్కాడు. ఊపిరి తిరిగొచ్చింది, ఆసుపత్రికి చేర్చారు. రాజశేఖర్ డాక్టరు కాదు, నర్సు కాదు. ఈ రెండు వీడియోలూ ఒకే వారంలో ఒకే ఫోన్లలో తిరిగాయి. మార్చి మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం పోలీసులకు, ఆరోగ్య సిబ్బందికి, ప్రజలకు సీపీఆర్ నేర్పే కార్యక్రమం మొదలుపెట్టింది, గుండెకు కరెంటు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాలు పెడతామని చెప్పింది. మంచి పని. కానీ ఆ శిక్షణ పోలీస్ స్టేషన్ల దగ్గర, జిల్లా కేంద్రాల దగ్గర ఆగిపోతే లాభం కొంతే. ప్రపంచంలో ఎక్కడ లెక్క తీసినా గుండె ఆగిపోవడం రోడ్ల మీద కంటే ఇళ్లలోనే ఎక్కువ. పక్కన ఉండేది కానిస్టేబుల్ కాదు. భార్య, పదో తరగతి కొడుకు, పక్కింటి అక్క.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తనాళం మూసుకుంటుంది. మనిషికి ఛాతీలో నొప్పి, చెమటలు. కానీ మాట్లాడతాడు, మనల్ని చూస్తాడు. ఆ మనిషికి కావలసింది వెంటనే ఆసుపత్రి. గుండె ఆగితే మనిషి పిలిస్తే పలకడు, ఊపిరి తీయడు. మొదటిది ముదిరి రెండోది కావచ్చు. చాలాసార్లు గుండె పూర్తిగా నిలిచిపోదు, కొట్టుకోవడం మరిచి లోపల వణుకుతుంటుంది. రక్తం మాత్రం కదలదు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే ప్రతి నిమిషానికి బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతుంది. కరీంనగర్ పట్నం నడిబొడ్డున ఉన్నా, అంబులెన్సు వచ్చి మెట్లెక్కి పైకి చేరేసరికి ఎన్ని నిమిషాలవుతాయో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. నార్నూర్, గాదిగూడ, సిర్పూర్ యూ వైపు గూడేల సంగతి వేరే చెప్పక్కరలేదు. వాగు పొంగితే కాన్పుకు పోయే ఆడబిడ్డను మంచం మీద మోసుకొని దాటే చోట్లున్నాయి.

మన దగ్గర ఎవరైనా కుప్పకూలితే మొదట జరిగేది ఏమిటి? "ఫిట్స్ వచ్చింది" అని చేతిలో తాళాల గుత్తి పెడతారు. నోట్లో నీళ్లు పోస్తారు. ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెడతారు. గుండె ఆగినప్పుడు మొదటి క్షణాల్లో కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు, అందుకే ఈ పొరపాటు. ఇంకో పొరపాటు ఇంతకంటే పెద్దది. కొందరు నోరు తెరిచి, చాలాసేపటికోసారి గురక పెట్టినట్టు ఎగశ్వాస తీస్తారు. "ఊపిరి ఉంది, ఊపిరి ఉంది" అని జనం ఆగిపోతారు. అది ఊపిరి కాదు, ఆగుతున్న మెదడు చివరి గుంజులాట. బుంగలోంచి వచ్చే ఎర్రనీళ్లంటే ఇవే.

భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకలేదా, ఛాతీ మామూలుగా లేచి పడుతున్నదా అని చూడండి. పది సెకన్లకు మించి చూడొద్దు. అనుమానంగా ఉంటే మొదలుపెట్టడమే మేలు. గుండె ఆగని మనిషి ఛాతీ మీద కాసేపు నొక్కితే కలిగే నష్టం చిన్నది, ఆగిన మనిషిని వదిలేస్తే పోయేది ప్రాణం. పక్కనున్నవారిలో ఒకరిని వేలు పెట్టి చూపి 108కు ఫోన్ చేయమనండి, ఇంకొకరిని ఏఈడీ దగ్గరలో ఎక్కడున్నా తెమ్మనండి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచండి.

మనిషి నులక మంచం మీదనో నవారు మంచం మీదనో ఉంటే కిందికి దింపాలి. మంచం మీద నొక్కితే మంచం కుంగుతుంది, ఛాతీ కుంగదు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. ఛాతీ నడిమి ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించండి. దాని మీద రెండో చేయి. మోచేతులు వంచకుండా, భుజాల బరువుతో నొక్కండి. పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 6 దాటకుండా. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకు రెండు కంటే ఒక పిసరు తక్కువ. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. గుండె మళ్లీ నిండేది అప్పుడే. ఇది చూడ్డానికి తేలిక, చేస్తే రెండు నిమిషాలకే చెమటలు కారుతాయి. కాబట్టి రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, మారేటప్పుడు కూడా చేయి ఆగకూడదు. మధ్యలో నాడి చూద్దామని, మొహం తుడుద్దామని ఆపకండి. నోట్లో నోరు పెట్టి ఊదడం నేర్చుకోనివాళ్లు పెద్దవాళ్ల విషయంలో ఒట్టి నొక్కుడుతోనే సాగించవచ్చు. భారతదేశంలో 2017లో మత్తు వైద్య నిపుణులు సామాన్యుల కోసం తయారు చేసిన పద్ధతి కూడా ఇదే. కానీ చిన్నపిల్లలకు, వ్యవసాయ బావిలోనో గోదావరిలోనో మునిగినవాళ్లకు ఊపిరి ఊదడం కూడా అవసరం. అది బొమ్మ మీద నేర్చుకోవాలి, చదివితే రాదు.

పక్కటెముక విరగవచ్చు, ముసలివాళ్లకైతే మరీ. విరిగిన శబ్దం వినిపిస్తే చేతులు వణుకుతాయి. ఆపకండి. ఎముక అతుక్కుంటుంది.

ఇక ఏఈడీ. సంచి అంత పెట్టె. మూత తీస్తే అదే మాట్లాడుతుంది, ఏం చేయాలో ఒక్కొక్కటీ చెబుతుంది. అతికించే పట్టీలు రెండు. ఒకటి కుడివైపు కాలర్ ఎముక కింద, ఒకటి ఎడమ చంక కింద. ఒట్టి చర్మం మీదనే అతకాలి, చెమట ఉంటే తుడవాలి. ఆడవాళ్లయితే జాకెట్టు కత్తిరించడమో విప్పడమో తప్పదు. పుస్తెలతాడు తెంపనక్కరలేదు, పట్టీకి తగలకుండా జరిపితే చాలు. అవతలి మనిషి గుండెను యంత్రమే చదువుకుంటుంది. అవసరం ఉంటేనే కరెంటు ఇస్తుంది, లేకపోతే మీరు బటన్ నొక్కినా ఇవ్వదు. "ఎవరూ ముట్టుకోవద్దు" అన్నప్పుడు అందరూ దూరం జరగాలి, ఆ తరువాత వెంటనే మళ్లీ నొక్కడం మొదలుపెట్టాలి. ఇందులో డాక్టరు చదువు అవసరమైన పని ఒక్కటీ లేదు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఆగి చెప్పాలి. బహిరంగ స్థలంలో కుప్పకూలిన ఆడవాళ్లకు మగవాళ్లకంటే తక్కువగా సీపీఆర్ అందుతున్నదని అమెరికాలోనే తేలింది. మన దగ్గర ఆ సంకోచం ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. పరాయి ఆడమనిషి ఛాతీ మీద చేయి వేస్తే ఎవరేమంటారో అని నిలబడిపోయే మంచి మనుషులు మన ఊళ్లలో చాలామంది. అందుకే ముందు నేర్పవలసింది మహిళా సంఘాలకు. ఆశా కార్యకర్త, ఉపాధి హామీ మేట్, అంగన్‌వాడీ టీచర్ నేర్చుకుంటే ఎర్రటి ఎండలో మట్టి పని కాడ పడిపోయిన చెల్లెను తోటి ఆడవాళ్లే అందుకుంటారు. చుట్టూ చీరలు అడ్డం పట్టే పని కూడా వాళ్లకే బాగా తెలుసు.

కేసుల భయం ఇంకొకటి. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తిన్నవారికి సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు బలమిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. ఇంట్లో, పొలంలో, బజారులో అయినా సరే, అడిగి ఒప్పుకోలు తీసుకునే వీలు లేనప్పుడు మనిషి మేలు కోసం సదుద్దేశంతో చేసిన పనిని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ నేరంగా చూడదు.

ఈ నొక్కుడు ఎలా పుట్టిందో తెలిస్తే మన రైతుకు ఇది పరాయి విద్యలా అనిపించదు. అమెరికాలో కరెంటు స్తంభాల మీద పనిచేసేవాళ్లు షాక్ కొట్టి చనిపోతుంటే, కరెంటు కంపెనీల ప్రోద్బలంతో దాని మీద పరిశోధన మొదలుపెట్టినవాడు విలియం కౌవెన్‌హోవెన్. ఆయన డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరు. జాన్స్ హాప్కిన్స్‌లో కుక్కల మీద ప్రయోగాలు చేస్తుండగా ఆయన దగ్గర చదువుకుంటున్న నికర్‌బాకర్ ఒక సంగతి గమనించాడు. కరెంటు ఇచ్చే బరువైన పలకలను ఛాతీకి ఆనించి ఒత్తినప్పుడల్లా రక్తపోటు కొంచెం లేస్తున్నది. కరెంటు ఇవ్వకముందే! డాక్టర్ జూడ్‌తో కలిసి ముగ్గురూ 1960లో అచ్చువేసిన వ్యాసంలో చెప్పిందాని సారం ఒక్కటే, ఈ పనికి రెండు చేతులు చాలు. మన చేన్ల కాడ స్టార్టర్ డబ్బా ముట్టుకొని, తెగిపడిన తీగ తొక్కి పోయే రైతుల వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉంటాం. అట్లాంటి మనుషుల కోసమే పుట్టిన విద్య ఇది. ముందు మెయిన్ ఆపాలి, అది వీలుకాకపోతే, స్టార్టర్ తీగ లాంటిదైతే ఎండిన కట్టెతో తప్పించాలి. పెద్ద లైను తీగ తెగిపడితే మాత్రం కరెంటోళ్లు సరఫరా ఆపేదాకా దగ్గరికి పోవద్దు. ఆ తరువాతే మనిషిని ముట్టుకోవాలి. ముట్టుకున్నాక ఆలస్యం వద్దు.

నేర్పితే ఫలితం ఉంటుందా అన్నదానికి డెన్మార్క్ లెక్క ఉంది. 2005లో బడి పిల్లలకు, 2006 నుంచి డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేవాళ్లకు సీపీఆర్ నేర్చుకోవడం తప్పనిసరి చేశారు. పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేసిన కేసులు 2001లో నూటికి 21 ఉంటే 2010కి 45 అయ్యాయి. అదే కాలంలో ఆసుపత్రి బయట గుండె ఆగి నెల రోజుల తరువాత కూడా బతికున్నవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. మూడింతలు. అయినా నూటికి తొంభైమంది దాకా దక్కలేదని కూడా ఆ లెక్కే చెబుతుంది. దాచవలసిన అవసరం లేదు. నేర్చుకున్నవాళ్లకు ఇది ముందే చెప్పాలి, లేకపోతే మొదటి మనిషి దక్కనినాడే వాళ్లు ఇక జన్మలో చేయి పెట్టరు. ఏఈడీ తొందరగా చేరిన చోట లెక్క ఇంకా మారుతుంది. అమెరికాలోని కేసినోల్లో కాపలా సిబ్బందికి నేర్పి చూస్తే, కూలిన మూడు నిమిషాల్లోపే షాక్ అందినవాళ్లలో 74 శాతం బతికి ఇంటికి పోయారు. మూడు నిమిషాలు దాటితే అది 49 శాతం. వాళ్లు కాపలాదారులు, అంతే.

అందుకని ఏఈడీని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయడం కంటే వృథా పని లేదు. లక్ష రూపాయల చుట్టుపక్కల దొరికే ఆ పెట్టె కరీంనగర్ బస్టాండులో, వేములవాడ రాజన్న గుడి క్యూలో, కొండగట్టు మెట్ల కాడ, కేస్లాపూర్ నాగోబా జాతర నాడు, ఉట్నూరు సంత నాడు, పిల్లలు కూడా చూడగలిగే చోట గోడకు వేలాడాలి. దాని కాడికి పోయే దారిలో బోర్డు ఉండాలి. బ్యాటరీ, పట్టీల గడువు చూసే మనిషి పేరు దాని కిందనే రాసి ఉండాలి. ఏజెన్సీలో అంబులెన్సుకు గంట పట్టే చోట ఒట్టి చేతులతో గంటసేపు నిలబెట్టడం కష్టం. అక్కడ ఈ పెట్టె గూడేనికి ఇంకా దగ్గరగా ఉండాలి, సబ్‌సెంటర్ దాకా.

నేర్పేవాళ్లు లేరా? గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి చుట్టూ ఊళ్లలో బొగ్గుబాయి నుంచి దిగిపోయిన కార్మికులు ఎందరో. సింగరేణిలో ప్రథమ చికిత్స పోటీలు జరుగుతాయి, భూమి లోపల దెబ్బ తిన్న తోటి మనిషిని మోసుకొచ్చిన చేతులవి. అట్లాంటి ఒక రిటైర్డు మనిషికి కొత్త పద్ధతి ఒక పూట చెప్పి చూడండి, ఊరికి ఆయనే పంతులు. 2005 ఆగస్టు 15న 108 మొదలైననాటి నుంచి ఆ బండ్లలో తిరిగిన సిబ్బంది కూడా మన మండలాల్లో ఉన్నారు.

మీ ఊరి మహిళా సంఘం మీటింగు ఏ రోజో కనుక్కోండి. ఆ రోజుకు సీపీఆర్ బొమ్మ ఒకటి పంపించమని పీహెచ్‌సీ డాక్టరుకు ముందే చెప్పి పెట్టండి, సర్పంచు చేత కూడా ఒక ఫోన్ చేయించండి. బొమ్మ ఒక్కటే దొరికినా ఫరవాలేదు, ఒకరు నొక్కుతుంటే ఒకరు లెక్కపెడతారు. పదో తరగతి పిల్లలను కూడా రమ్మనండి. నేర్చుకున్నది ఆరు నెలల్లో చేతులు మరిచిపోతాయి కాబట్టి, రెండోసారి ఎప్పుడు చేస్తారో ఆ తేదీని అదే మీటింగులో తీర్మానం పుస్తకంలో రాయించండి.